ఇంట్లో బ్రెడ్డు: ముందు చపాతీ పిండిని మరిచిపోండి

మా చిన్నప్పుడు ఇంట్లోకి బ్రెడ్డు వచ్చిందంటే ఎవరికో జ్వరం వచ్చిందని అర్థం. వేడి పాలల్లో ముంచిన రెండు ముక్కలు, ఒక మాత్ర, దుప్పటి. ఆసుపత్రిలో ఉన్నవాళ్లని చూడ్డానికి వెళ్తే బత్తాయిలతో పాటు చేతిలో బ్రెడ్ ప్యాకెట్టు ఉండాల్సిందే. ఇప్పుడది చాలా ఇళ్లల్లో పొద్దుటి టిఫిను, పిల్లల లంచ్ బాక్సు, రాత్రి వంట చేసే ఓపిక లేనప్పటి భోజనం. ఇంత రోజువారీ తిండి అయ్యాక దాన్ని మనమే చేసుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన రావడం సహజమే.

ఈ కోరిక ఎక్కువమందికి ప్యాకెట్టు వెనకవైపు చదివాకే పుడుతుంది. పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది మన దేశంలో నిబంధన. ముందు వైపు గోధుమ కంకుల బొమ్మ, బ్రౌన్ బ్రెడ్ అన్న పేరు ఉన్నా, వెనక మొదటి పేరు మైదా అయితే అది మైదా బ్రెడ్డే. ఆ జాబితాలో 150ఎ అన్న నంబరు కనిపిస్తే ఆ గోధుమ రంగు కారమెల్ పుణ్యమని అర్థం. 282 అంటే కాల్షియం ప్రొపియోనేట్, బూజు పట్టకుండా వేసేది. ఇవన్నీ చట్టం ఒప్పుకున్నవే. 2016లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు బ్రెడ్లలో పొటాషియం బ్రోమేట్ (పిండి బాగా పొంగడానికి వేసే, క్యాన్సర్ అనుమానమున్న రసాయనం) ఉందని బయటపెట్టడం, అదే ఏడాది ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని అనుమతుల జాబితాలోంచి తీసెయ్యడం కూడా జరిగిపోయాయి. కాబట్టి భయంతో మాత్రం మొదలుపెట్టకండి. భయంతో మొదలుపెట్టిన వంట నాలుగో వారానికి ఆగిపోతుంది. డబ్బు మిగులుతుందని కూడా నేను చెప్పను, ఓటీజీ (కరెంటు ఓవెన్) ఖరీదు లెక్కేస్తే అది తేలడానికి ఏళ్లు పడుతుంది. పొయ్యిలోంచి తీసిన గంటన్నరకు కోసిన ముక్క మీద వెన్న రాసి తిని చూడండి, ఆ రుచి కోసం చెయ్యాలి ఈ పని.

నా మొదటి బ్రెడ్డు సంగతి చెప్పాలి, ఎందుకంటే దాదాపు అందరి మొదటి బ్రెడ్డూ అలాగే పోతుంది. మే నెల, విజయవాడ. ఇంట్లో ఉన్న గోధుమ పిండిని పూరీలకు కలిపినట్టు గట్టిగా కలిపాను. ఎక్కడో చదివిన ప్రకారం గంటన్నర మూత పెట్టాను. అమ్మ వచ్చి వేలితో నొక్కి చూసి, ‘‘ఇంత బిగుతుగా పిసికితే దానికి ఊపిరెట్లా ఆడుతుందే?’’ అంది. ఆవిడ జన్మలో బ్రెడ్డు చేసింది లేదు. ఐనా తప్పు పట్టేసింది. ఆ రోజు వచ్చింది బ్రెడ్డు కాదు, పుల్ల వాసనేసే ఇటుక. చారులో నానబెట్టి తిన్నాం.

చేసిన తప్పులు రెండు. ఒకటి, చపాతీకి, పూరీకి అలవాటు పడ్డ చెయ్యి పిండిని గట్టిగా కలిపేస్తుంది. బ్రెడ్డు పిండి చేతికి అంటుకోవాలి, చిరాకు పుట్టించాలి. రెండోది గడియారం. చలిదేశాల వాళ్లు రాసిన పద్ధతుల్లో గంటన్నర అంటే 21, 22 డిగ్రీల గదిలో గంటన్నర. మన వంటింట్లో ఎండాకాలం 36 డిగ్రీలుంటుంది. అక్కడి గంటన్నర పని ఇక్కడ ముప్పావుగంటలో ఐపోయి, మిగతా సమయమంతా పిండి పులిసి, కుంగిపోతుంది. ఇడ్లీ పిండి ఎండాకాలం ఐదారు గంటలకే పొంగుతుందనీ, డిసెంబరులో తెల్లారేదాకా కదలదనీ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. గిన్నె మూత తీసి చూస్తాం, అంతే. ఆ చూపే ఇక్కడా కావాలి.

ముందు సమకూర్చుకోవాల్సినవి

చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి కొనండి. ఇది తప్పదు. గ్లాసుతో కొలిచిన పిండి ఒకసారి 120 గ్రాములుంటే, నొక్కి నింపితే 150 దాటుతుంది. అంత తేడాతో మెత్తటి బ్రెడ్డు కాస్తా ఇటుక ఐపోతుంది.

టిన్ను 8 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ఉన్న అల్యూమినియంది చాలు. కేకు సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. మరీ ఖరీదైనవి వద్దు.

ఈస్ట్ రెండు రకాలుగా దొరుకుతుంది. ‘ఇన్‌స్టంట్’ అని రాసి ఉన్నది సన్నటి ఇసుకలా ఉంటుంది, నేరుగా పిండిలో కలిపెయ్యొచ్చు. ‘యాక్టివ్ డ్రై’ అన్నది కాస్త పెద్ద గుండ్రటి గింజల్లా ఉంటుంది, దాన్ని ముందు గోరువెచ్చటి నీళ్లల్లో నానబెట్టాలి. ఇన్‌స్టంటే తీసుకోండి. ఏది కొన్నా మూత తీసిన రోజు నుంచి గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. వంటింటి అలమరలో వదిలేస్తే మన ఎండలకు రెండు మూడు నెలల్లో చచ్చిపోతుంది. అనుమానముంటే అరగ్లాసు గోరువెచ్చటి నీళ్లల్లో ఒక చెంచా పంచదార, ఒక చెంచా ఈస్ట్ వేసి పది నిమిషాలు వదలండి. పైన నురుగు కట్టి, కల్లు వాసన వస్తే బతికే ఉంది. నీళ్ల అడుగున బురదలా ఉండిపోతే పారబోసి కొత్తది తెచ్చుకోండి. మరీ వేడి నీళ్లు పోస్తే బతికున్న ఈస్ట్ కూడా చస్తుంది, 55 డిగ్రీలు దాటితే దాని పని ఐపోయినట్టే. చిన్నపిల్లలకు స్నానం చేయించేంత వెచ్చదనం దాటకూడదు.

ఓటీజీ ఉంటే దానికి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు పాయింటు వాడండి. కన్వెక్షన్ (వేడి గాలితో కాల్చే అమరిక) ఉన్న మైక్రోవేవ్‌లో కూడా చెయ్యొచ్చు, కన్వెక్షన్ మీట మాత్రమే నొక్కాలి. రెండూ లేనివాళ్ల సంగతి తర్వాత చెప్తాను.

మొదటి బ్రెడ్డుకు కొలతలు

మైదా 200 గ్రాములు
గోధుమ పిండి 100 గ్రాములు
నీళ్లు 200 గ్రాములు (ఇంకో 15 గ్రాములు పక్కన ఉంచుకోండి)
పంచదార 15 గ్రాములు
ఉప్పు 5 గ్రాములు
ఇన్‌స్టంట్ ఈస్ట్ 4 గ్రాములు, ఎండాకాలమైతే 3
వెన్న గానీ వాసన లేని నూనె గానీ 20 గ్రాములు

నీళ్లని కూడా త్రాసు మీదే తూచండి. ఒక మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము కాబట్టి ఇబ్బందేం లేదు.

మొత్తం గోధుమ పిండితోనే మొదలుపెడతామని చాలామంది పట్టుబడతారు. వద్దు. బ్రెడ్డును నిలబెట్టేది గోధుమలోని గ్లూటెన్ అనే జిగురు. ఈస్ట్ వదిలే గాలిని అది బెలూను రబ్బరులా పట్టి ఉంచుతుంది. ముడి గోధుమ పిండిలో ఉండే పొట్టు ఆ పొరను చిన్న చిన్న బ్లేడుల్లా కోసేస్తుంటుంది. మర ఆడించిన పిండి నీళ్లు కూడా ఎక్కువ తాగుతుంది. మూడొంతుల్లో ఒక వంతు గోధుమ పిండితో నాలుగైదుసార్లు చేసి, పొంగిన పిండి ఎలా ఉంటుందో వేలికి తెలిశాక పూర్తి గోధుమకు వెళ్లండి. ముందే వెళ్తే తప్పు పిండిదో మీదో తేలదు.

కలపడం

వెడల్పాటి గిన్నెలో మైదా, గోధుమ పిండి, పంచదార, ఈస్ట్ వేసి చెయ్యి తిప్పండి. నీళ్లు పోసి పొడిపిండి కనపడకుండా పోయేదాకా చెంచాతో కలపండి, పిసకొద్దు. చూడ్డానికి అసహ్యంగా, గడ్డలు గడ్డలుగా ఉంటుంది. మూత పెట్టి 20 నిమిషాలు వెళ్లి వేరే పని చూసుకోండి. ఈ 20 నిమిషాల్లో పిండి నీళ్లు పీల్చుకుని జిగురు తనంతట తానే తయారవుతుంది. మీ చేతులకు సగం శ్రమ తగ్గుతుంది.

నీళ్ల వేడి కాలాన్ని బట్టి మార్చాలి. చలికాలం గోరువెచ్చటివి, వానాకాలం కుళాయి నీళ్లు, ఏప్రిల్, మే నెలల్లో ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటివి. కలపడం పూర్తయ్యేసరికి ముద్ద తాకితే చల్లగానూ ఉండకూడదు, వెచ్చగానూ అనిపించకూడదు. 26, 27 డిగ్రీల దగ్గరుంటే మంచిది.

ఇప్పుడు ఉప్పు చల్లి, వెన్న వేసి పిసకడం మొదలుపెట్టండి. అసలు పరీక్ష ఇదే. మొదటి మూడు నిమిషాలు పిండి వేళ్లకు, గట్టుకు, గాజులకు అంటుకుంటుంది. వెన్న కలవనని మొరాయిస్తుంది, ముద్ద చీలికలు పీలికలుగా తెగుతుంది. ఇక్కడే మన చెయ్యి అలవాటుగా పిండి డబ్బా వైపు వెళ్తుంది. వెళ్లనివ్వకండి! పొడి పిండి ఒక్క గుప్పెడు చల్లారంటే మళ్లీ చపాతీ ముద్ద దగ్గరికి వచ్చేసినట్టే. కావాలంటే అరచేతికి నాలుగు చుక్కల నూనె రాసుకోండి. అరచేతి మడమతో ముందుకు తోయాలి, వేళ్లతో వెనక్కి మడవాలి, పావు చుట్టు తిప్పాలి, మళ్లీ తోయాలి. ఐదో నిమిషానికి గట్టుకు అంటుకున్నదంతా ముద్దే లాగేసుకుంటుంది. ఎనిమిదో నిమిషానికి పైభాగం నున్నబడి, చెవి తమ్మెలా మెత్తగా తగులుతుంది. మొత్తం పది పన్నెండు నిమిషాలు పడుతుంది. మధ్యలో చేతులు నొప్పెడితే మూత పెట్టి ఐదు నిమిషాలు కూర్చోండి, పిండికేం నష్టం లేదు, మేలే.

సరిపోయిందా లేదా తెలియాలంటే నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా నాలుగు వైపులకూ సాగదీసి కిటికీ వైపు పెట్టి చూడండి. పూతరేకులా పలచబడి, దాని వెనక వెలుతురు కనిపించాలి. గోధుమ పిండి కలిసింది కాబట్టి అక్కడక్కడా పొట్టు చుక్కలుంటాయి, అంచుల్లో చిరుగుతుంది, ఫరవాలేదు. సాగకుండా పుటుక్కున తెగితే మరో మూడు నిమిషాలు పిసకండి. మరీ బిగుతుగా అనిపిస్తే పక్కనుంచిన నీళ్లు ఒక్కో చెంచా చొప్పున కలుపుకోండి.

గ్రైండరుకు చపాతీ పిండి కలిపే అమరిక ఉన్నవాళ్లు అందులో వేసుకోవచ్చు. ఆరేడు నిమిషాలు చాలు. యంత్రం తిరిగేకొద్దీ పిండి వేడెక్కుతుంది కాబట్టి నీళ్లు ఇంకాస్త చల్లటివి పోయండి.

మొదటి పొంగు

గిన్నెకు నూనె రాసి, ముద్ద వేసి, మూత గానీ తడి గుడ్డ గానీ కప్పండి. గుడ్డ ముద్దకు తగలకూడదు, తగిలితే అంటుకుంటుంది. ముద్ద రెట్టింపు కావాలి. మన కళ్లు మోసం చేస్తాయి, అందుకని నిటారుగా ఉండే గాజు సీసాలోనో స్టీలు డబ్బాలోనో పెట్టి బయట ఒక రబ్బరు బ్యాండు తగిలించండి. ముద్ద ఎంత ఎత్తు ఉందో అక్కడొకటి, దానికి రెండింతల ఎత్తున ఇంకొకటి.

ఎండాకాలం ఇది 35, 40 నిమిషాల్లో ఐపోతుంది. హైదరాబాదు జనవరిలో గంటన్నర పట్టినా ఆశ్చర్యపోకండి. చలికి కదలకపోతే ఆపి ఉంచిన ఓటీజీలో వేడినీళ్ల గిన్నెతో పాటు పెట్టి తలుపు మూసెయ్యండి.

చుట్టడం

పొంగిన ముద్దను గట్టు మీదకు దించి అరచేతులతో తట్టి పెద్ద గాలి బుడగలు పోగొట్టండి. టిన్ను పొడవుకు కాస్త తక్కువ వెడల్పున్న చాపలా పరచండి. పై అంచు నుంచి మీ వైపుకి బిగుతుగా చుట్టుకుంటూ రండి, చాప చుట్టినట్టే. ప్రతి చుట్టుకీ బొటనవేళ్లతో లోపలికి నొక్కాలి, వదులుగా చుడితే కోసినప్పుడు లోపల సొరంగాలు కనిపిస్తాయి. చివరి అంచును కజ్జికాయ అంచు నొక్కినట్టు వేళ్లతో నొక్కి మూసెయ్యండి. ఆ అతుకు అడుగుకు వచ్చేలా నూనె రాసిన టిన్నులో పెట్టండి. ఇప్పుడు ముద్ద టిన్నులో సగం ఎత్తు కూడా ఉండదు. కంగారు పడకండి.

రెండో పొంగు

బ్రెడ్డు బాగుపడేదీ చెడేదీ ఇక్కడే. మూత పెట్టి, వాతావరణాన్ని బట్టి 30 నుంచి 60 నిమిషాలు. రెండున్నర అంగుళాల లోతున్న టిన్ను అయితే ముద్ద నడుము భాగం అంచు దాటి ఒక వేలి మందం పైకి రావాలి. వేలికి తడి చేసుకుని పక్కగా చిన్నగా నొక్కి చూడండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా సమయముంది. నెమ్మదిగా సగం పూడి చిన్న నొక్కు మిగిలితే, ఆ క్షణమే ఓవెన్‌లోకి వెళ్లాలి. గుంట అలాగే ఉండిపోయి, చుట్టుపక్కల కూడా ముడతలు పడితే ఆలస్యమైంది. అలా ఐతే దాన్ని తీసి, మళ్లీ తట్టి, మళ్లీ చుట్టి టిన్నులో పెట్టండి. రెండోసారి అరగంటలోపే పొంగుతుంది. రుచి కాస్త తగ్గినా కుంగిపోయిన బ్రెడ్డు కంటే నయం.

గుంట పూడేలోపు ఓవెన్ వేడెక్కి ఉండాలి కాబట్టి, ముద్ద టిన్ను అంచుకు చేరగానే ఓటీజీని 190 డిగ్రీలకు పెట్టి, పైనా కిందా రెండు రాడ్లూ వెలిగేలా తిప్పండి. 15 నిమిషాలు వేడెక్కనివ్వండి.

కాల్చడం

ముద్ద మీద కాసిని పాలు మెత్తటి బ్రష్షుతో పూసి, టిన్నును కింది అరలో పెట్టండి. మధ్య అరలో పెడితే పొంగాక పై రాడ్డుకు మరీ దగ్గరై, లోపల ఉడక్కముందే పైన మాడుతుంది. మొదటి 20 నిమిషాలు తలుపు తెరవకండి. అప్పటికే పైభాగం గట్టి గోధుమ రంగుకు వచ్చేస్తే అల్యూమినియం రేకు కప్పి మిగతా సమయం కాల్చండి. మొత్తం 30 నుంచి 35 నిమిషాలు. లోపల గుచ్చే వంటింటి థర్మామీటరు ఉంటే 93 డిగ్రీలు దాటాలి. లేకపోతే టిన్ను నుంచి తీసి అడుగున వేలి కణుపుతో తట్టి చూడండి, బోలుగా ఉన్న కొబ్బరికాయ తట్టినట్టు శబ్దం రావాలి. మొద్దుగా వినపడితే టిన్ను లేకుండానే ఇంకో ఐదు నిమిషాలు లోపల పెట్టండి.

చవక ఓటీజీల్లో మీట మీద 190 అని ఉన్నా లోపల 170 ఉండొచ్చు, 210 ఉండొచ్చు. రెండు బ్రెడ్లు వరసగా పాలిపోయి వస్తే మీట పది పెంచుకోండి. ఎవరి ఓవెన్ వాళ్లకు అలవాటు కావాల్సిందే. కరెంటు ఖర్చు ఒక బ్రెడ్డుకు ఒక యూనిట్టు అటూ ఇటూ అనుకోండి.

ఇక కరెంటు పోతే? రెండో పొంగు మధ్యలో పోతే టిన్నును ఫ్రిజ్‌లో పెట్టి తలుపు తియ్యకుండా ఉంచండి, పొంగు నెమ్మదిస్తుంది. కాలుతుండగా పోతే మాత్రం తలుపు ముట్టుకోవద్దు. పది నిమిషాల్లో వస్తే అలాగే కొనసాగించండి. ఎంతకీ రాకపోతే పొయ్యి మీద కడాయి పెట్టడమే.

కడాయి పద్ధతి ఓటీజీ లేనివాళ్లకూ పనికొస్తుంది. మందపాటి, టిన్ను పట్టేంత పెద్ద కడాయిలో అర అంగుళం మందాన రాళ్ల ఉప్పు పరిచి, దాని మీద స్టాండు పెట్టి, బిగుతైన మూతతో మధ్యస్థ మంట మీద పది పన్నెండు నిమిషాలు వేడెక్కించండి. నాన్‌స్టిక్ పాత్రను ఇలా ఖాళీగా కాచకూడదు. కుక్కర్‌ను కూడా నీళ్లు లేకుండా వేడి చెయ్యడం నాకిష్టం లేదు, అది దాని పని కాదు. టిన్ను లోపల పెట్టి మంట తగ్గించి 40, 45 నిమిషాలు ఉంచాలి. పైభాగం తెల్లగానే ఉండిపోతుంది. చల్లారాక ఆ పైభాగాన్ని వెన్న రాసిన పెనం మీద బోర్లించి ఒక నిమిషం ఉంచితే ముఖం కాస్త కళకళలాడుతుంది.

చల్లారనివ్వడం

తీసిన ఐదు నిమిషాల్లోపే టిన్నులోంచి బయటికి దించండి, లేకపోతే ఆవిరికి అడుగు చెమటపట్టి తడిసిపోతుంది. గాలి కింద నుంచి కూడా ఆడేలా జాలీ మీద పెట్టండి. పైన వేడి మీదే కొంచెం వెన్న రాస్తే పెచ్చు మెత్తబడుతుంది. ఇల్లంతా వాసన కమ్మేస్తుంది, అందరూ చుట్టూ చేరతారు. అప్పుడు కోస్తే లోపల పచ్చిగా, బంకగా ఉన్నట్టు అనిపించి, కాల్చడం సరిపోలేదేమో అనుకుంటారు. నిజానికి ఉడికిన పిండి గట్టిపడాలంటే కనీసం గంటన్నర చల్లారాలి. పళ్లున్న రంపం కత్తితో, నొక్కకుండా, ముందుకీ వెనక్కీ లాగుతూ కోయండి.

తేడా వస్తే

ముక్క అడుగున దట్టంగా, మైనంలా ఒక గీత కనిపిస్తే రెండో పొంగు తక్కువైంది. పైభాగం కుంగి, లోపల పెద్ద పెద్ద రంధ్రాలుంటే ఎక్కువైంది. కల్లు వాసన వస్తే ఎండకు ఈస్ట్ ఎక్కువైంది, మరుసటిసారి ఒక గ్రాము తగ్గించండి. పక్కన చీలిపోయిందంటే పొంగకముందే ఓవెన్‌లో పెట్టేశారు. పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చాల్లేదు, లేకపోతే పిసకడం చాల్లేదు. ఎక్కువసార్లు మొదటిదే. ఉప్పు మరిచిపోతే మాత్రం నోట్లో పెట్టుకోగానే తెలుస్తుంది, దానికి పచ్చిమిరపకాయ పచ్చడి రాసుకోవడం తప్ప వేరే మందు లేదు.

పూర్తి గోధుమ బ్రెడ్డు

చెయ్యి కుదిరాక ఇది చేయండి. గోధుమ పిండి మొత్తం 300 గ్రాములు. అందులో 20 గ్రాములు తీసి 100 గ్రాముల నీళ్లల్లో కలిపి, సన్న మంట మీద తిప్పుతూ జావ కాయండి. చెంచాతో గీస్తే గీత నిలిచేంత చిక్కబడగానే దించి పూర్తిగా చల్లార్చండి. మనం పిల్లలకు కాసే గోధుమ జావే ఇది. తూర్పు ఆసియాలో దూదిలాంటి బ్రెడ్లకు ఈ కిటుకు వాడతారు. ఉడికిన పిండి పచ్చిపిండి కంటే చాలా ఎక్కువ నీళ్లు పట్టి ఉంచుతుంది కాబట్టి బ్రెడ్డు రెండో రోజు కూడా మెత్తగా ఉంటుంది. మిగిలిన 280 గ్రాముల పిండిలో ఈ జావ, ఇంకో 140 గ్రాముల నీళ్లు, 20 గ్రాముల బెల్లం తురుము, 4 గ్రాముల ఈస్ట్ వేసి కలిపి 40 నిమిషాలు నాననివ్వాలి. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో నాననివ్వండి. తర్వాత 5 గ్రాముల ఉప్పు, 25 గ్రాముల నూనె. ముద్ద మైదాది కంటే జిగురుగా, వదులుగా ఉంటుంది, అలాగే ఉండాలి. రెట్టింపు కోసం చూడకండి, ఒకటిన్నర రెట్లు పొంగితే చాలు. కాల్చడానికి ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

రాగి, జొన్న కలపాలనుకుంటే 300 గ్రాముల్లో 50 దాటనివ్వకండి. వాటిలో గ్లూటెన్ లేదు. జొన్నరొట్టె తట్టేటప్పుడు వేడినీళ్లు పోసి కలపకపోతే అంచులు ఎలా విరిగిపోతాయో చూసినవాళ్లకు ఈ సంగతి అర్థమవుతుంది.

ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు

రాత్రి తొమ్మిదికి మొదటి కొలతలతోనే, ఈస్ట్ మాత్రం ఒకటిన్నర గ్రాములు వేసి పిండి కలిపి పిసకండి. అరగంట బయట ఉంచి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. చల్లదనానికి పొంగు నెమ్మదించి రాత్రంతా సాగుతుంది. ఆ ఆలస్యానికి రుచి కూడా పెరుగుతుంది, నా మాట అడిగితే పగటి బ్రెడ్డు కంటే ఇదే బాగుంటుంది. పొద్దున్నే ఆరింటికి తీసి, చల్లగా ఉండగానే చుట్టి టిన్నులో పెట్టండి. చల్లటి ముద్ద చుట్టడానికి చాలా తేలిక, అంటుకోదు. రెండో పొంగుకు గంట నుంచి గంటన్నర పడుతుంది. ఎనిమిది, ఎనిమిదిన్నరకల్లా కాలి బయటికొస్తుంది. ఆ పూటకు టిఫిను డబ్బాలోకి అందదు, సాయంత్రానికి అందుతుంది.

నిల్వ

మనం మందులేం వెయ్యలేదు కాబట్టి రెండు రోజులు. కోస్తాలో వానాకాలమైతే రెండో రోజు సాయంత్రానికే ఒకసారి అడుగు తిప్పి బూజు చూసుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టకండి. ఫ్రిజ్ చల్లదనంలో బ్రెడ్డు బయటికంటే తొందరగా గట్టిపడి ఎండిపోతుంది. పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి, గాలి తీసిన కవరులో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. నెలరోజులు ఉంటుంది. కావలసిన రెండు ముక్కలు తీసి నేరుగా పెనం మీద వేసి కాల్చుకోవడమే, కరగనివ్వక్కర్లేదు.

ఇంటి బ్రెడ్డుతో డబల్ కా మీఠా చెయ్యాలనుకునేవాళ్లు మాత్రం ఆ రోజు చేసిన బ్రెడ్డు వాడకండి. తాజా ముక్క నేతిని పీల్చేసి, పాకంలో పడగానే విడిపోతుంది. రెండు రోజులు పాతది, అంచులు తీసేసి, సన్న మంట మీద నేతిలో రెండు వైపులా ఎర్రగా వేయించిందైతే పాకం తాగి కూడా ముక్కగానే నిలుస్తుంది. తీసేసిన అంచుల్ని పారెయ్యొద్దు, ఎండబెట్టి మిక్సీలో తిప్పితే కట్లెట్లకు పొడి.